వీపు వెనక ఎవరు?

తొంభై నిమిషాల ఆటలో బంతి నా కాళ్ల దగ్గర ఉండేది మహా అయితే రెండు నిమిషాలు. మిగతా ఎనభై ఎనిమిది నిమిషాలూ నేనేం చేస్తానన్నది మా అత్తగారికి చాలాకాలం అంతుబట్టలేదు. పెళ్లయిన కొత్తలో ఓ ఆదివారం భోజనాల దగ్గర అడిగేసింది. “టీవీలో చూస్తూనే ఉన్నాను నాయనా. అటు పరిగెడతావు, ఇటు పరిగెడతావు. బంతి మాత్రం ఎప్పుడూ ఇంకొకడి దగ్గరే ఉంటుంది. నీకెందుకివ్వరు వాళ్లు?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ముందురోజు పదకొండు కిలోమీటర్ల దాకా పరిగెత్తి ఉంటాను. అవతలి జట్టులో పదో నంబరు కుర్రాడొకడు ఉన్నాడు, బంతి దొరికితే కొంప ముంచే రకం. వాడికి బంతి వచ్చే దారిలో నేను ముందే వెళ్లి నిలబడ్డాను. మళ్లీ నిలబడ్డాను. డెబ్బయ్యో నిమిషానికి వాడు విసిగిపోయి గీత పక్కకు వెళ్లి ఆడుకున్నాడు. అది టీవీలో కనపడదు. నా పని నేను సరిగ్గా చేస్తే మైదానం మధ్యలో ఏమీ జరగదు. ఏమీ జరగనందుకే నాకు జీతం. ఇదంతా అత్తగారికి ఎలా చెప్పను? “ఇస్తారులెండి, వచ్చే వారం ఇస్తారు” అన్నాను.

మా ఉరుగ్వేలో ఈ పని చేసేవాణ్ణి ‘సింకో’ అంటారు. అంటే అయిదు. డిఫెండర్ల వరసకు ముందు, మైదానం నడిబొడ్డున నిలబడే మిడ్‌ఫీల్డరు. ఇంగ్లండులో అయిదో నంబరు చొక్కా వెనక కాపలా కాసే డిఫెండరుది. మా దగ్గర మిడ్‌ఫీల్డరుది. దీనికో పాత కథ ఉంది. ఒకప్పుడు జట్లన్నీ వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు అయిదుగురుగా ఆడేవి. గోల్‌కీపర్ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే మధ్య వరసలో నడుమనున్నవాడికి అయిదు పడుతుంది. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ నడిమివాణ్ణి వెనక్కి లాగి గోల్ ముందు నిలబెట్టారు. చొక్కా వాడితోనే వెళ్లిపోయింది. మావాళ్లు వాణ్ణి కదల్చకుండా, వాడికి అటూఇటూ ఉన్నవాళ్లను వెనక్కి పంపారు. అందుకే ఉరుగ్వేలో నాలుగు, ఆరు నంబర్లు రెండు అంచుల్లో ఉండే డిఫెండర్లవయ్యాయి, అయిదు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. బ్రెజిల్‌లో ఇదే పనివాణ్ణి ‘వొలాంచీ’ అంటారు. 1930ల చివర్లో ఫ్లమెంగో క్లబ్బుకు వచ్చి ఆడిన కార్లోస్ వొలాంతె అనే అర్జెంటీనా ఆటగాడి ఇంటిపేరే అలా నిలిచిపోయిందని చెబుతారు. మా స్పానిష్‌లో ఆ మాటకు కారు స్టీరింగనే అర్థం కూడా ఉంది. ఇంటిపేరు వృత్తికే పేరైపోయే అదృష్టం మాలో ఎందరికి పడుతుంది?

నేను 1984లో మాంటెవిడియో అఖాతానికి అవతలి ఒడ్డునున్న సెర్రో పేటలో పుట్టాను. సెర్రో అంటే కొండ. కొండ నెత్తిన పాత కోట, కింద ఓడలు, మధ్యలో మేము. దేశదేశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల పేట కాబట్టి వీధులకు దేశాల పేర్లు పెట్టారు. గ్రీసు వీధి మా బజారు. మా తాత ఓడల మీద యూరప్‌కు మాంసం పంపే ఫ్యాక్టరీలో పశువుల తోళ్లు ఒలిచేవాడు. ఆయన పనిచేసిన చోటు నేను పుట్టకముందే మూతబడింది. మా పేటలోనే రాంప్లా జూనియర్స్ స్టేడియం ఉంది. ఒకవైపు గ్యాలరీకి బదులు నీళ్లు, బండరాళ్లు. బంతిని ఆవేశపడి కొడితే అఖాతంలో పడుతుంది. పైకి కొట్టకుండా నేలమీదే ఆడటం ఎందుకు మంచిదో మాకు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

మా దగ్గర పిల్లల ఆటను బేబీ ఫుట్‌బాల్ అంటారు. అయిదారేళ్లకు మొదలై పదమూడేళ్లకు అయిపోతుంది. ప్రతి పేటకూ ఓ జట్టు, ఓ మట్టి మైదానం, దాని పక్కన ఓ పొయ్యి. వాన రోజుల్లో ఆ పొయ్యి మీద తోర్తా ఫ్రీతా వేయిస్తారు. గోధుమపిండి ముద్దను చేత్తో ఒత్తి, నడుమ చిల్లు పెట్టి, పశువుల కొవ్వులో వేయించిన రొట్టె అది. వాన పడితే ఇంట్లోనూ అదే, మైదానంలోనూ అదే. బడిలో వేసుకునే తెల్ల అంగీ, మెడకు కట్టే నీలం రిబ్బను విప్పి సంచీలో కుక్కి, పరిగెత్తుకుంటూ అక్కడికి చేరేవాళ్లం.

మా కోచ్ పగలు సిటీబస్సు నడిపేవాడు. సాయంత్రం ఆరింటికి యూనిఫాం చొక్కాతోనే వచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఓ రోజు నన్ను మైదానం మధ్యలో నిలబెట్టి, ఎదురుగా ఉన్నవాడితో నాకు బంతి కొట్టమన్నాడు. తను నా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. బంతి దొర్లుకుంటూ వస్తోంది. వెనకనుంచి గొంతు వినిపించింది. “ఎన్ని?”

నాకు అర్థం కాలేదు. బంతి ఆపి వెనక్కి తిరిగాను. ఆయన చేతివేళ్లు మూడు పైకెత్తి చూపిస్తున్నాడు.

“మూడు,” అన్నాను.

“ఇప్పుడు చెప్తే ఏం లాభంరా? ఈపాటికి నీ కాళ్ల దగ్గర బంతి లేదు, వాడెవడో పట్టుకుపోయాడు. బంతి దారిలో ఉండగానే చెప్పాలి.”

ఆ ఏడాదంతా అదే ఆట. బంతి అవతలివాడి కాలు వదలగానే నేను భుజం మీదుగా వెనక్కి చూసి, వేళ్లు లెక్కపెట్టుకుని, మళ్లీ బంతి మీదికి కళ్లు తెచ్చుకోవాలి. మొదట్లో బంతి నా పిక్కల మధ్యనుంచి పోయేది. పిల్లలు నవ్వేవాళ్లు. తర్వాత వేళ్లు తప్పు చెప్పేవాణ్ణి. ఓసారి గెస్ కొట్టి “నాలుగు” అంటే, “నేనసలు చెయ్యే ఎత్తలేదురా దొంగా” అన్నాడు. పదకొండేళ్లకు రెండూ కుదిరాయి. ఆయన వేళ్ల లెక్క మానేసి, వెనకనున్నవాడు ఎడమ కాలి మీద బరువు వేశాడా, కుడి కాలి మీద వేశాడా అని అడగడం మొదలుపెట్టాడు.

నా బతుకుతెరువంతా ఇదే. తర్వాత పెద్ద పెద్ద కోచ్‌లు కంప్యూటర్లలో, బాణం గుర్తుల్లో చెప్పిందంతా దీని మీద వేసిన సున్నమే. బయటివాళ్లు చూసేది బంతి మా కాళ్లకు చేరాక ఏం చేశామన్నది. మా వృత్తిలో అసలు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. మొదటి చూపు మావాడికి బంతి అందబోతున్నప్పుడు, నా వెనక ఎంత చోటుందో. రెండోది వాడు తలెత్తినప్పుడు, ఆ చోటులోకి ఎవడొస్తున్నాడో. మూడోది బంతి దారిలో ఉండగా, ఆ వచ్చేవాడు ఎంత వేగంగా వస్తున్నాడో. అప్పుడు ఒంటిని సగం తిప్పి నిలబడతాను, మనం తలుపు వారగా తెరిచినట్టు. బంతి దగ్గరి కాలికి కాకుండా దూరపు కాలికి వెళ్లనిస్తాను. అది అక్కడికి చేరేసరికి నా మొహం అవతలి గోల్ వైపు ఉంటుంది. వెనకనుంచి వచ్చినవాడు నేను లేనిచోటికి వస్తాడు. మొత్తం రెండు క్షణాల పని. ఇందులో ఒక్క చూపు తగ్గినా బంతి పోతుంది. ఇంకాస్త ఖర్మ కాలితే చీలమండ పోతుంది.

మా దేశంలో అయిదో నంబరు వేసుకున్నవాడి నెత్తిన ఓ పెద్దాయన నీడ ఉంటుంది, ఒబ్దూలియో వరేలా. 1950 జులై 16న రియో నగరంలోని మరకానా స్టేడియంలో రెండు లక్షల మంది ముందు బ్రెజిల్‌తో ప్రపంచకప్పు ఆఖరి మ్యాచ్ ఆడిన మా జట్టు కెప్టెన్. బ్రెజిల్‌కు డ్రా అయినా చాలు, మాకు గెలుపే కావాలి. విరామం తర్వాత రెండో నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ కొట్టాడు. వరేలా వెళ్లి బంతిని చంకలో పెట్టుకుని మెల్లగా, అసలు తొందరే లేనట్టు, రిఫరీ దగ్గరికి నడిచాడు. ఆఫ్‌సైడ్ అని వాదన పెట్టుకున్నాడు. రిఫరీ ఇంగ్లీషు మనిషి. దుభాషీ కావాలన్నాడు. ఆ వాదనలో గెలవనని ఆయనకు తెలుసు. ఆ లోపు స్టేడియంలో పొంగిన పాలు చల్లారాయి. 66వ నిమిషంలో మా స్కియాఫీనో గోల్, 79వ నిమిషంలో మా ఘీజా గోల్. మిగతాది చరిత్ర.

మా స్కూలు పుస్తకాల్లో, తాతల కబుర్లలో ఈ కథను ధైర్యసాహసాల కథగా చెబుతారు. నాకు మాత్రం అది పనితనం కథ. ఆయన ఆ నిమిషంలో చేసింది అయిదో నంబరు ఉద్యోగమే. ఆట వేగాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంకొకటి కూడా చెప్పాలి, జెండాలు ఊపేవాళ్లు దీన్ని దాటేస్తుంటారు. దానికి రెండేళ్ల ముందు, 1948లో, మా దేశంలో ఫుట్‌బాల్ ఆటగాళ్లు నెలల తరబడి సమ్మె చేశారు. యూనియన్‌ను గుర్తించమని, మనుషుల్లా చూడమని. ఆ సమ్మెను ముందుండి నడిపినవాళ్లలో వరేలా ఒకడు.

సమ్మె ఎందుకో నాకు పద్దెనిమిదేళ్లకే తెలిసొచ్చింది. 2002లో నేను రెండో డివిజన్‌లో ఓ చిన్న క్లబ్బు పెద్దల జట్టులోకి వచ్చాను. ఆ జులై ఆఖర్లో దేశంలో బ్యాంకులు మూసేశారు. మా నాన్న పని పోయింది. పక్కింటివాళ్లు స్పెయిన్ వెళ్లిపోయారు. క్లబ్బులో జీతం పేరుకు ఉంది, చేతికి రాదు. నెలాఖరున కార్యదర్శి గది బయట వరసగా నిలబడేవాళ్లం. పెళ్లయినవాళ్లకు ముందు, మాలాంటి కుర్రాళ్లకు మిగిలితే. ఓ నెల డబ్బుకు బదులు స్పాన్సర్ ఇచ్చిన సేమియా పాకెట్లు పంచారు. మా అమ్మ వాటిని బల్ల మీద పేర్చి, “గోల్ కొడితే జున్ను కూడా ఇస్తారా?” అంది. నేను గోల్ కొట్టే నంబరు కాదని ఆమెకు బాగా తెలుసు.

ఆ క్లబ్బులో నన్ను నిలబెట్టింది కోచ్ కాదు, సామాన్ల గది చూసే ముసలాయన. బూట్లు, చొక్కాలు, బంతుల్లో గాలి అన్నీ ఆయన పనే. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే, అంటే మావాళ్లు తాగే టీ ఆకు, నింపిన బుర్ర. ఒక్కో గుక్క ఒక్కొక్కరికి అందిస్తూ జట్టు సంగతులన్నీ రాబట్టేవాడు. వాన రోజున నా బూట్లు తీసుకుని, కింద రబ్బరు మేకులు పట్టకారుతో ఊడబీకి అల్యూమినియంవి బిగించేవాడు. వెనకవి పొడుగు, ముందువి కాస్త పొట్టి. “అయిదో నంబరువాడు జారితే వెనకున్నవాళ్లందరూ జారినట్టే అబ్బాయ్. గోల్ కొట్టేవాడు జారితే జనం నవ్వుతారు, అంతే.” నా మొదటి మ్యాచ్‌కు చొక్కా ఇస్తూ ఆ మాటన్నాడు. మెడ దగ్గర కుట్టు ఊడి ఉంటే తనే వేసి ఇచ్చాడు.

2006లో నన్ను మెక్సికోకు అమ్మారు. అమ్మారనే అంటాం మేము, కొన్నారనే అంటాం. మొహమాటం లేని మాట అది. సంతకాలకు ముందు ఏజెంటు ఆఫీసులో ఓ కాగితం చూశాను. నన్ను వాటాలుగా వేశారు. నలభై శాతం క్లబ్బుది. ముప్పై అయిదు ఏజెంటుది. మిగతా పాతిక నేనెప్పుడూ పేరు వినని ఓ కంపెనీది. బాకీలు తీర్చుకోవడానికి క్లబ్బు ఎప్పుడో నా పాతిక శాతాన్ని అమ్ముకుందట. కసాయి కొట్టులో గోడకు ఓ బొమ్మ ఉంటుంది, ఆవు మీద గీతలు గీసి ఏది ఏ మాంసమో రాసినది. మా తాత ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. బయటి పెట్టుబడిదారులు ఆటగాళ్ల మీద వాటాలు కొనుక్కోవడాన్ని ఫిఫా 2015 మే నుంచి నిషేధించింది. నాకు ఆ కబురు తొమ్మిదేళ్లు ఆలస్యంగా అందింది.

ఆ రోజు నేను చేసిన తప్పు వేరే. మొదటి పేజీలో జీతం అంకె చూశాను. ఆఖరి పేజీలో సంతకం చేశాను. మధ్య పేజీలు తిప్పలేదు.

మెక్సికో నన్ను మనిషిని చేసింది, ఒప్పుకోవాలి. జీతం తారీఖుకు పడేది. ఏడాదికి రెండు లీగులు, రెండు సార్లు చాంపియన్లు. ఊపిరి తీసుకునే సందు ఉండదు, కానీ గడ్డి కార్పెట్‌లా ఉండేది. ఊపిరంటే గుర్తొచ్చింది. తోలూకా వెళ్లి ఆడటమంటే మాకు దడ. ఊరు సముద్రమట్టానికి 2,600 మీటర్ల పైన ఉంటుంది. వాళ్లేమో ఆదివారం మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి మ్యాచ్ పెట్టేవాళ్లు. ఎండ నెత్తి మీద, గాలి లేదు. ఇరవయ్యో నిమిషానికి నోరు పిడచకట్టుకుపోతుంది. అక్కడే నేను పరిగెత్తడం మానేసి నడవడం నేర్చుకున్నాను. ఎప్పుడు పరిగెత్తకూడదో తెలియని మిడ్‌ఫీల్డరు ముప్పై ఏళ్లకే ముసలివాడవుతాడు.

అంతకన్నా పైకి కూడా ఎక్కాను. తర్వాత రోజుల్లో మా ఉరుగ్వే క్లబ్బుతో లిబెర్తదోరెస్ కప్పు మ్యాచ్‌కు బొలీవియాలోని లా పాజ్ వెళ్లాను. అది దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు, 1960 నుంచి జరుగుతోంది. లా పాజ్‌లోని ఎర్నాందో సీలెస్ స్టేడియం 3,600 మీటర్ల ఎత్తున ఉంది. అందరూ చేసే ఉపాయమే మేమూ చేశాం. కింద మైదాన ప్రాంతంలోని శాంతా క్రూజ్‌లో రాత్రి పడుకుని, మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు పైకెగిరాం. ఒంటికి ఎత్తు సంగతి తెలిసేలోగా ఆట ముగించి దిగిపోవాలని. హోటల్లో తలనొప్పికి కోకా ఆకుల టీ ఇస్తామన్నారు. మా డాక్టరు పరిగెత్తుకొచ్చి కప్పులన్నీ లాగేసుకున్నాడు. ఊరి జనానికి అది అల్లం టీ లాంటిదే. మాకు మాత్రం డోపింగ్ పరీక్షలో కొకెయిన్ కింద తేలుతుంది.

అక్కడ ఊపిరాడకపోవడం కన్నా బంతి ఎక్కువ బాధ. పల్చటి గాలి దాన్ని పట్టి ఆపదు. పాతికేళ్లు లెక్కవేసుకున్న దూరాలన్నీ తప్పుతాయి. ముప్పై గజాల పాస్ ఇస్తే ఇంకాస్త దూరం పోతుంది. వెనక్కి చూసి “ఇంకా దూరంలో ఉన్నాడులే” అనుకున్నవాడు మెడ మీద ఉంటాడు, వాడి ఊపిరితిత్తులు అక్కడే పుట్టాయి మరి. 2007లో ఫిఫా 2,500 మీటర్ల పైన అంతర్జాతీయ మ్యాచ్‌లు వద్దన్నప్పుడు బొలీవియా అధ్యక్షుడు ఎవో మొరాలెస్ మంచుకొండ ఎక్కి బంతాట ఆడి మరీ నిరసన తెలిపాడు. ఆ నిషేధం నిలవలేదు. మరడోనా అప్పట్లో బొలీవియా పక్షాన నిలబడి లా పాజ్ వచ్చి ఆడాడు. 2009 ఏప్రిల్ 1న అదే మరడోనా అర్జెంటీనా కోచ్‌గా, మెస్సీని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చి 6-1తో ఓడిపోయాడు. నా మటుకు నాకు వాళ్ల ఊళ్లో వాళ్లను ఆడనివ్వడమే న్యాయం. ఓడి, వాంతి చేసుకుని దిగినవాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఫౌళ్ల గురించి అడుగుతారు జనం. ఉరుగ్వే మిడ్‌ఫీల్డర్లంటే నరికేవాళ్లని పేరు కదా. కొంత నిజమే. కానీ మంచి ఫౌల్ గట్టిగా చేసేది కాదు, త్వరగా చేసేది. మావాళ్లంతా ముందుకెళ్లి బంతి పోగొట్టుకున్నప్పుడు, అవతలివాడు తలెత్తకముందే, మా గోల్‌కు ఇంకా అరవై గజాల దూరంలో, భుజంతో చిన్న తోపు. రిఫరీ విజిల్ వేస్తాడు, కార్డు దాకా రాదు. పడ్డవాణ్ణి నేనే చెయ్యిచ్చి లేపుతాను, వీపు తడతాను, బూటు లేసు ఊడిందని చూపిస్తాను. ఈ మర్యాదంతా అయ్యేసరికి మావాళ్లు పదిమందీ వెనక్కి చేరుకుంటారు. దీనికి నేను గర్వపడను, సిగ్గూ పడను. వడ్రంగికి చిత్రిక ఎలాగో నాకిది అలాగ.

2008 అక్టోబరులో నా ఎడమ మోకాలు పోయింది. ఎవడూ తగల్లేదు. బూటు మేకు గడ్డిలో దిగబడింది, ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. తడి కొమ్మ విరిచినట్టు ఓ చప్పుడు, బయటికి వినబడలేదేమో, నాకు చెవిలో వినిపించింది. నొప్పి కన్నా ముందు ఓ వింత సంగతి తెలిసింది. కాలు ఉంది, అది నాది కాదు. మోకాలిచిప్ప కింది స్నాయువు నుంచి ముక్క తీసి లోపలి లిగమెంటు కట్టారు. ఎనిమిది నెలలు. మొదటి ఆరు వారాల్లో నా పెద్ద విజయం, మడమ పిర్రకు ఎంత దగ్గరకొచ్చిందో గోడమీద పెన్సిల్‌తో గీసుకున్న గీతలు.

మూడో నెలలో క్లబ్బు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒప్పందం నాలుగో పేజీలో ఓ వాక్యం ఉందట. ఆరు నెలలకు పైగా ఆడలేకపోతే రెండో ఏడాది నుంచి జీతం తగ్గుతుందని. సగానికి. సంతకం నాదే. తగ్గించినవాళ్లు మర్యాదగానే చెప్పారు, కాఫీ కూడా ఇచ్చారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పోయింది ఎవరి వాటాలోని మోకాలో అడుగుదామనుకున్నాను.

2010 ప్రపంచకప్పు నాటికి మాంటెవిడియో తిరిగొచ్చి మళ్లీ ఆడుతున్నాను. జులై 2న ఘానాతో మ్యాచ్ క్లబ్బు క్యాంటీన్లో అందరం చూశాం. మా సువారెజ్ గోల్ గీత మీద చేత్తో ఆపిన బంతి, ఘానా పెనాల్టీ పైకడ్డీకి తగలడం, ఆఖర్న పెనాల్టీ షూటౌట్లో, మేం ‘పిచ్చోడు’ అని పిలిచే అబ్రేవు గోల్‌కీపర్‌ను పడనిచ్చి బంతిని మెల్లగా నడుమకు ఎగరేయడం. బల్లల మీదికెక్కి అరిచాం. నేను ఆ టోర్నమెంటంతా చూసింది మాత్రం ఇద్దర్నే, దియేగో పెరెజ్, అరెవాలో రియోస్. ఇద్దరు సింకోలు పక్కపక్కన. ఒకడు బంతి వైపు వెళ్తే రెండోవాడు వాడు ఖాళీ చేసిన చోటికి జరుగుతాడు. చూడకుండానే జరుగుతాడు. మా ఫోర్లాన్‌కు ఆ ప్రపంచకప్పు ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చింది, వచ్చి తీరాలి. మా క్యాంటీన్లో సామాన్ల గది ముసలాయన మాత్రం టీవీ వైపు మాతే బుర్ర చూపించి, “ఆ ఇద్దరి బూట్లకు మేకులెవరు బిగిస్తున్నారో గానీ, పనిమంతుడు” అన్నాడు.

ఆ తర్వాత ఏడేళ్లు ఆడాను. చెప్పుకోవడానికి పెద్దగా లేదు. మూడు క్లబ్బులు, ఒకసారి పై డివిజన్‌కు ఎక్కడం, రెండుసార్లు దిగడం. 2017లో ఓ వానపడే శనివారం ఆపేశాను. రెండో డివిజన్, గోల్ లేని డ్రా. గ్యాలరీలో జనం కన్నా తోర్తా ఫ్రీతా పొయ్యి దగ్గర ఎక్కువమంది ఉన్నారు. మా అత్తగారు వచ్చింది, గొడుగు వేసుకుని. ఆట అయ్యాక అంది, “ఇవాళ ఇచ్చారు నీకు బంతి, చాలాసార్లు.” నేను కాళ్లు ఆడక ఒకేచోట నిలబడ్డాను, అందుకని మావాళ్లు జాలిపడి ఇచ్చారు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు మళ్లీ సెర్రోలో ఉన్నాను, అదే మట్టి మైదానంలో. పిల్లలు నన్ను ‘ప్రొఫె’ అంటారు, అంటే మాస్టారు. బస్సు నడిపిన మా కోచ్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన పోవడానికి ముందు నాకో లెక్క తెలిసింది, అది ఆయనకు చెప్పి ఉండాల్సింది కాదేమో. ఫిఫా నియమం ప్రకారం, ఆటగాణ్ణి ఒక దేశం నుంచి మరో దేశానికి అమ్మినప్పుడు ఆ సొమ్ములో అయిదు శాతం, వాణ్ణి పన్నెండేళ్ల నుంచి ఇరవై మూడేళ్ల దాకా పెంచిన క్లబ్బులకు పంచాలి. పన్నెండు, పదమూడేళ్ల వయసుకు ఏడాదికి పావు శాతం. నన్ను ఎనిమిది లక్షల డాలర్లకు అమ్మారు. అంటే ఈ మట్టి మైదానానికి నాలుగు వేల డాలర్లు రావాలి. ఎవరూ అడగలేదు. అడగడానికి రెండేళ్లే గడువు. గడువు దాటాక మాకు తెలిసింది. తెలిసినా రుజువు లేదు, ఎందుకంటే మా బేబీ క్లబ్బు రిజిస్టరంటే మా కోచ్ బస్సు టికెట్ల వెనక రాసుకున్న పేర్లే. ఈ మాట చెబితే ఆయన నవ్వాడు. “నాలుగు వేల డాలర్లా! అంత డబ్బొస్తే కమిటీలో కొట్టుకు చచ్చేవాళ్లంరా” అన్నాడు. నవ్వి, కాసేపయ్యాక అడిగాడు, దాంతో నాలుగు దీపస్తంభాలు వచ్చేవా అని.

అందుకని నా దగ్గర ఇప్పుడో లావుపాటి నోట్‌బుక్ ఉంది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఓ పేజీ. పేరు, పుట్టినరోజు, చేరిన తేదీ, మానేసిన తేదీ, అమ్మ సంతకం. 2022 నుంచి ఫిఫా ఈ వాటాల డబ్బును పారిస్‌లో పెట్టిన ఓ ఆఫీసు ద్వారా తానే లెక్కకట్టి పంపడం మొదలుపెట్టింది. లెక్క దానికదే జరుగుతుంది, ముందు కాగితం సరిగ్గా ఉండాలంతే. పెన్నుతో రాస్తాను, ఒక్కో పేజీ తిప్పి చూస్తాను, మధ్య పేజీలు కూడా. వీళ్లలో ఎవరూ ఎక్కడికీ అమ్ముడుపోకపోవచ్చు. నూటికి తొంభై తొమ్మిది మంది పోరు. అయినా రాస్తాను.

శనివారం పొద్దున చొక్కాల సంచీ బోర్లిస్తే తొమ్మిది, పది, పదకొండు ముందు ఎగిరిపోతాయి. అందరూ సువారెజ్‌లే. సంచీ అడుగున ఎప్పుడూ అయిదు మిగులుతుంది. కిందటి వారం ఆలస్యంగా వచ్చిన ఓ ఎనిమిదేళ్ల బుడ్డోడికి అది దక్కింది. మోకాళ్ల దాకా వచ్చింది, నిక్కరులోకి దోపుకున్నాడు. వాడికి నేనింకా వేళ్ల ఆట నేర్పలేదు. మధ్యలో నిలబెట్టాను, అంతే.

పదో నిమిషంలో వాడి వైపు బంతి వస్తోంది. వాడు భుజం మీదుగా వెనక్కి చూశాడు. బంతి మీదికి కళ్లు తెచ్చుకుని, మళ్లీ వెనక్కి చూశాడు. నా చేతిలో మాతే ఒలికింది. ఇరవై ఏళ్ల వృత్తిలో ఎనిమిదేళ్ల పిల్లాడు చెప్పకుండా అలా చూడటం నేనెరగను. విజిల్ వేసి ఆపేసి, మైదానంలోకి నడిచివెళ్లి వాడి ముందు గొంతుక్కూర్చున్నాను.

“వెనక ఏం చూశావురా?”

“మా అమ్మ ప్రొఫె. తోర్తా ఫ్రీతాల లైన్లో ఉంది. నాకు ఒకటి చాలదని చెప్పడం మర్చిపోయాను.”

“ఎంతమంది ఉన్నారు లైన్లో?”

“ఆరుగురు. అమ్మ నాలుగోది.”

తిరిగి చూశాను. ఆరుగురే. బంతి వాడి కాళ్ల దగ్గర పెట్టి, ఆట మొదలుపెట్టమన్నాను.